గజంబద్ద

ముప్పై నాలుగు చలికాలాలు
ఆర్డిస్ నీమెలా మంచులో గజంబద్ద గుచ్చింది.
నేను ఒక కన్ను మూసుకుని చూశాను.

బద్ద మీద ఇనుప సామాన్ల కొట్టు పేరుండేది.
ఆ కొట్టు మూతపడ్డ వార్త కూడా
ఆమే చెప్పింది,
ఆ గుమ్మం ముందే నిలబడి,
ఆ బద్దే చేత్తో పట్టుకుని.

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊరు.
ఖనిజం ఎత్తుకెళ్ళే ఓడలు ఆగిపోయాక
నీళ్ళతో పాటు వార్తలూ గడ్డకట్టేవి.
ఫలానా వీధిలో పైపు పగిలింది,
చర్చి నేలమాళిగలో శనివారం చేపల విందు.
పెద్ద ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.
బడికి సెలవో కాదో ఆమె నోట వినేదాకా
మా పిల్లలు ఒక్క కాలికే మేజోడు తొడుక్కుని
టీవీ ముందు కూర్చునేవాళ్ళు.

కిరాణా కొట్లో ఎవరో ఒకరు ఆపి
"టీవీలో కంటే పొట్టిగా ఉన్నారే!" అనేవాళ్ళు.
పొట్టిదే మరి.
నేను మోకాలి మీద వంగి తీసేవాణ్ణి.
అరిగిపోయిన ఆ ఎడమ మోకాలిని
మా ఆవిడ ఇప్పటికీ "ఆర్డిస్ మోకాలు" అంటుంది.

ఎనభై ఆరు నవంబరులో
ఒక టగ్గు పడవ తిరిగి రాలేదు.
విల్హో కంగస్ ఇంటికి
తీరరక్షకుల కంటే ముందు మేం వెళ్ళాం.
తలుపు తీసిన మనిషి
నా భుజం మీది కెమెరాను చూసింది.
ఎవరూ ఏమీ చెప్పలేదు.
ఆ గుమ్మంలో మేమే వార్త.
ఆర్డిస్ మైకు నా జేబులో కుక్కి
చేతితొడుగులు విప్పి
తిన్నగా వంటింట్లోకి వెళ్ళి
పొయ్యిలోంచి రొట్టె బయటకు తీసింది.
ఆరు గంటల వార్తల్లో మా దగ్గర బొమ్మ లేదు.
అవతలి ఛానల్లో ఆమె ఏడుపు ఉంది.
మేనేజరు బల్ల గుద్దాడు.
"రొట్టె మాడలేదు" అంది ఆర్డిస్.
అంతే.

ఇంకోసారి అడిగింది. అదీ చెప్పాలి.
పలచటి మంచుగడ్డ విరిగి
పిల్లాడు నీళ్ళలోకి పోయిన చోట,
వాడి తండ్రిని అడిగింది,
ఇప్పుడు మీకెలా ఉందని.
ఆయన ఆమె కాళ్ళవైపు చూసి
"బూట్లు తడుస్తాయమ్మా, ఇటు నిలబడండి" అన్నాడు.
అది దేశమంతా వేశారు.
బహుమతి కూడా వచ్చింది, మందపాటి గాజుపలక.
నేలమాళిగ కిటికీ మూసుకుపోకుండా
దాన్ని అడ్డం పెట్టింది.
ఆరోజు వ్యానులో తిరిగొస్తుంటే
హీటరు చప్పుడొక్కటే.
నేను కెమెరా ఆపలేదు కదా,
నాకూ మాట పెగల్లేదు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి.
టేపులన్నీ చెత్తబండిలోకి ఎత్తారు:
తగలబడ్డ కొట్లు, గెలిచిన హాకీ కుర్రాళ్ళు,
ఆమె జుట్టు నలుపు నుంచి
నెరిసే దాకా ఉన్న రంగులన్నీ.
రాత్రిపూట దొంగల్లా వెళ్ళి
ఒక్క పెట్టె తెచ్చుకున్నాం.
ఆడించే మిషను ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

ఆరు గంటల నుంచి మధ్యాహ్నానికి,
మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుటికి
ఆమెను జరుపుకుంటూ పోయారు.
ఆఖరి రోజు కేకు మీద
పేరులో ఒక అక్షరం తప్పు.
ఆ ముక్క నాకే పెట్టింది.
కెమెరాలోకి చూసి మామూలుగానే
"రేపు మూడు నుంచి అయిదు అంగుళాలు" అని చెప్పి
మైకు తీసేసింది.

ఇవాళ తెల్లారకముందే ఫోను.
"ఏడున్నర."
హలో లేదు, ఏమీ లేదు.
ఎక్కడ కొలిచావన్నాను.
గాలి తోసుకురాని చోట, గోడకు ఎడంగా,
నువ్వే కదా నేర్పావు, అంది.
బద్ద కిందటేడే విరిగిందట,
ఇరవై మూడో అంగుళం దగ్గర.
అంతకు మించి పడితేనో, అన్నాను
కిటికీలోంచి ఒంటికన్నుతో చూస్తూ.
"పడనీ" అంది.